కొబ్బరితోటలో పురుగుల రాజు ఎందుకు కాలిపోయాడు?

మీరు అడిగినవి మూడు. మీవితౌట్‌యూ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ 2009లో తెచ్చిన 'ఇట్స్ ఆల్ క్రేజీ! ఇట్స్ ఆల్ ఫాల్స్! ఇట్స్ ఆల్ ఎ డ్రీమ్! ఇట్స్ ఆల్‌రైట్' ఆల్బమ్ విన్నారు. మధ్యలో ఒక పాట యేసు పుట్టిన పశువుల పాక గురించి ఉంది, చివరి పాట 'అల్లా, అల్లా, అల్లా' అంటూ ముగుస్తుంది. ఇంతకీ వీళ్లది ఏ మతం? 'ద కింగ్ బీటిల్ ఆన్ ఎ కోకనట్ ఎస్టేట్' పాటలో పురుగుల రాజు మంటలోకి ఎందుకు వెళ్లాడు? ఇవన్నీ అర్థం కావాలంటే ఏం చదవాలి?

మొదటి ప్రశ్నకు జవాబు రెండోదాని లోపల ఉంది. అందుకని పురుగుల దగ్గరే మొదలుపెడతాను.

కథ మీకు తెలిసిందే, అయినా ఒకసారి వరుసగా చెప్పుకుందాం. చంద్రుడు పైకొచ్చే వేళ కొబ్బరితోటలో పనివాళ్లు ఎండుటాకులు పోగేసి చెరువు పక్కన తగలబెడతారు. పెంకుపురుగుల రాజు ఆ వెలుగు చూసి, మహారహస్యం మళ్లీ వెలిగింది, దాన్ని నా దగ్గరికి ఎవరు తెస్తారు అని సభలో అడుగుతాడు. ముందు ఒక ప్రొఫెసర్ బయల్దేరతాడు. రెక్కలు కాల్చుకుని, ఆరు కాళ్ల మీద పాక్కుంటూ తిరిగొచ్చి, చూసినదంతా పూసగుచ్చినట్టు చెబుతాడు. ఆ మాటల్లో వెలుగూ లేదు, వేడీ లేదు. రాజు ఈసారి ఉంగరం ఇస్తానని ఆశపెడతాడు. రాజు మెప్పు పొందితే ఏదో ఒకరోజు ఇదంతా నాదే అవుతుందనుకుంటూ ఒక లెఫ్టినెంట్ వెళ్తాడు. వాడూ కమిలిపోయి తిరిగొస్తాడు. కాకపోతే వీడి వర్ణన చాలా బాగుంటుంది: ఉరుములాంటి చప్పుడు, బూడిద మేఘం, మాయమైపోతున్న నల్లపక్షుల గుంపు. రాజుకు ఒళ్లు మండుతుంది. అది ఎలా ఉందని కాదు, ఏమిటని అడిగాను అంటాడు. ఇక తనే వెళ్లడానికి లేస్తాడు. రాణికి ఏమీ అర్థం కాదు, అయినా ఎందుకని అడగదు. వీడ్కోలు చెప్పడానికి పిల్లల్ని పిలుస్తుంది.

ఈ ఎముకల గూడు చాలా పాతది. 12వ శతాబ్దపు పారశీక కవి, నిషాపూర్‌కు చెందిన అత్తార్, తన 'పక్షుల సభ' కావ్యంలో దీపపు పురుగుల కథ ఒకటి చెబుతాడు. పురుగులన్నీ ఒక రాత్రి చేరి, దీపం అంటే ఏమిటో తెలుసుకురమ్మని ఒకదాన్ని పంపుతాయి. అది దూరం నుంచి చూసొచ్చి వర్ణిస్తుంది. వాటిలో పెద్దది, దీనికి ఏమీ తెలియలేదు అంటుంది. రెండోది ఇంకాస్త దగ్గరికెళ్లి రెక్క కాల్చుకుని వస్తుంది. దీనికీ తెలియలేదంటుంది పెద్దది. మూడోది వెళ్లి మంటను కౌగిలించుకుంటుంది, నిలువెల్లా ఎర్రబడి మంటలో మంట అయిపోతుంది. తెలిసింది దానికొక్కదానికే, కానీ అది చెప్పడానికి తిరిగిరాదు.

అత్తార్‌కూ ముందే ఈ పురుగు సూఫీల దగ్గర ఉంది. 922లో బాగ్దాద్‌లో మరణశిక్షకు గురైన హల్లాజ్ తన 'తవాసీన్'లో దీన్ని మూడు మెట్లుగా విడగొట్టాడు: దీపం వెలుగు చూడటం, దాని వేడి తగలడం, దానిలో కలిసిపోవడం. ప్రొఫెసర్ మాటల్లో వెలుగూ వేడీ రెండూ లేవని పాట ప్రత్యేకంగా చెప్పడం గుర్తుందా? అది ప్రాస కోసం పడిన మాటలా అనిపిస్తుంది కానీ, హల్లాజ్ చెప్పిన మొదటి రెండు మెట్లూ అక్కడ ఉన్నాయి. సూఫీ గురువులు ఇదే సంగతిని ఖురాన్‌లోని మూడు మాటలతో కూడా చెబుతారు. ఇల్ముల్ యకీన్, ఐనుల్ యకీన్, హక్కుల్ యకీన్. నిప్పు ఉందని విని నమ్మడం ఒకటి, కళ్లారా చూసి నమ్మడం ఒకటి, అందులో కాలి తెలుసుకోవడం ఒకటి. (ఇలాంటి వివరణలు రాసేవాళ్లకు ఈ పాటలో దక్కేది ప్రొఫెసర్ పాత్రే. ఆ సంగతి నాకు తెలుసు.)

ఇక్కడితో ఆగితే ఇది సూఫీ పాట అనేసి ఊరుకోవచ్చు. కానీ రాజు మంటలో కలిసిపోయాక పాట చివర ఒక ప్రశ్న వస్తుంది: పూర్తిగా నిప్పుగా మారిపోకూడదూ, ఎందుకు మారవు అని. ఆ వాక్యం పారశీకం నుంచి రాలేదు, ఈజిప్టు ఎడారి నుంచి వచ్చింది. 4, 5 శతాబ్దాల్లో అక్కడి గుహల్లో, గుడిసెల్లో బతికిన క్రైస్తవ సన్యాసుల కథల్లో ఒకటి ఇలా ఉంటుంది. లోత్ అనే సన్యాసి జోసెఫ్ అనే పెద్దాయన దగ్గరికి వెళ్లి, చేతనైనంత వరకు నియమం పాటిస్తున్నాను, ఉపవాసం, ప్రార్థన, ధ్యానం, మౌనం, అన్నీ చేస్తున్నాను, ఇంకేం చేయాలి అంటాడు. పెద్దాయన లేచి ఆకాశం వైపు చేతులు చాస్తాడు. పది వేళ్లూ పది దీపాల్లా వెలుగుతాయి. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్నే అది. ఇంగ్లిష్ పాఠకులకు ఈ కథ బాగా చేరింది థామస్ మెర్టన్ అనే ట్రాపిస్టు సన్యాసి 1960లో వేసిన 'ద విజ్డమ్ ఆఫ్ ద డెజర్ట్' అనే చిన్న పుస్తకం వల్ల. ఆ మెర్టన్ కూడా సూఫీ పండితులతో ఉత్తరాలు నడిపినవాడే. కాబట్టి ఈ రెండు నిప్పుల్నీ పక్కపక్కన పెట్టిన మొదటి మనిషి ఈ బ్యాండ్ గాయకుడు కాదు.

నన్నడిగితే ఆల్బమ్‌లో అన్నిటికంటే బరువైన చోటు ఆ ప్రశ్నే. ప్రొఫెసర్ తెచ్చిందీ లెఫ్టినెంట్ తెచ్చిందీ వర్ణనలే కదా. ఒకడిది పొడి వర్ణన, ఇంకొకడిది అందమైన వర్ణన. రాజు రెండిటినీ వద్దన్నాడు. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇంతే.

సరే, ఇందులోకి కొబ్బరితోట ఎక్కడి నుంచి వచ్చింది? బ్యాండ్‌ది అమెరికాలోని ఫిలడెల్ఫియా. అక్కడ కొబ్బరి చెట్టు మొలవదు. అత్తార్ కథలో ఉన్నది దీపం, తోట కాదు.

తోట శ్రీలంక నుంచి వచ్చింది. బావా ముహయ్యద్దీన్ అనే సూఫీ గురువు ఉత్తర శ్రీలంకలో ఉండేవారు, జాఫ్నాలో ఆశ్రమం నడిపారు. 1971లో ఫిలడెల్ఫియా వచ్చారు, 1986 డిసెంబర్‌లో అక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి పెన్సిల్వేనియాలోని కోట్స్‌విల్ దగ్గర ఉంది. ఆయన చదువుకోలేదు, ఏదీ రాయలేదు. తమిళంలో మాట్లాడేవారు, పాడేవారు. పక్కన కూర్చున్నవాళ్లు దాన్ని అప్పటికప్పుడు ఇంగ్లిష్‌లో చెప్పేవారు. ఆ టేపుల నుంచే పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాల చివర పదకోశం తిరగేస్తే ఒక మాట పక్కన అరబీ అని, ఇంకో మాట పక్కన తమిళం అని గుర్తు ఉంటుంది. కుతుబ్ (సూఫీ మహాగురువు) అనే మాట వచ్చిన నోటే మాయ అనే మాట కూడా అంటుంది. రూమీ కవితల్ని ఇంగ్లిష్‌లో ఇంటింటికీ చేర్చిన కవి కోల్మన్ బార్క్స్‌కు కూడా గురువు ఈయనే.

బ్యాండ్‌లోని ఆరన్ వైస్, మైఖేల్ వైస్ అన్నదమ్ములు. పాటలు రాసి పాడేది ఆరన్. వాళ్ల నాన్న యూదుల ఇంట్లో పుట్టారు, అమ్మ ఎపిస్కోపల్ క్రైస్తవుల ఇంట్లో. ఇద్దరూ సూఫీ ఇస్లాం వైపు వచ్చి బావా చుట్టూ ఉన్న సమాజంలో చేరారు. అంటే ఆరన్‌కు ఈ కథలు లైబ్రరీలో దొరికినవి కావు, చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఉన్నవి. తర్వాత ఆయన తనంతట తానుగా క్రైస్తవం వైపు నడిచారు. మొదటి ఆల్బమ్ 2002లో వచ్చింది. అందులోనూ తర్వాతి రెండింటిలోనూ పాడటం కంటే అరవడం, గబగబా మాట్లాడటం ఎక్కువ. 2009లో ఒక్కసారిగా అకౌస్టిక్ గిటార్లు పట్టుకుని కథలు చెప్పడం మొదలుపెట్టేసరికి పాత అభిమానులు చాలామంది బిత్తరపోయారు.

ఆల్బమ్ పేరు బావా మాటే. అంతా పిచ్చి, అంతా అబద్ధం, అంతా కల, అయినా ఏం ఫర్వాలేదు. మొదటి మూడు ముక్కలు ఏ వేదాంతి దగ్గరైనా దొరుకుతాయి. నాలుగోది మాత్రం ఏడుస్తున్న పిల్లాడి వీపు నిమురుతూ తాత అనే మాటలా ఉంటుంది. పేరులోని ఆ చివరి ముక్క లేకపోతే ఈ ఆల్బమ్ ఇంకో రకంగా, బాగా పొడిగా ఉండేదేమో.

పురుగుల పాటా, రెండో పాట 'ద ఫాక్స్, ద క్రో అండ్ ద కుకీ' కూడా బావా చెప్పిన కథల నుంచే వచ్చాయి. కాకి, నక్కల పాటను నేను చాలా ఏళ్లు దాటేసి వినేవాణ్ణి. ఈసప్ కథే కదా, పిల్లల కోసం పెట్టారులే అనుకున్నాను. తప్పు నాదే. ఒకసారి శ్రద్ధగా వింటే తేడా తెలిసింది. ఈసప్ కథలో కాకి ముక్కులో జున్నో మాంసమో ముందే ఉంటుంది, అది ఎవరిదో మనకు తెలియదు. ఈ పాటలో ఒక రొట్టెలాయన ఉన్నాడు. డొక్కు బండి లాక్కుంటూ వీధుల్లో కేకులూ బిస్కెట్లూ అమ్ముకుంటాడు. నక్కను తరమడానికి ఆయన అటు తిరగగానే కాకి ఎత్తుకుపోతుంది. ఆయన వంటింటి సామాన్ల పేర్లతోనే కాకిని తిడతాడు.

అమ్మేవాళ్ల దగ్గర కాకి దొంగిలించే కథ మనకు ఎక్కడ తెలుసు? తమిళ పిల్లలందరికీ వచ్చిన వడల అవ్వ కథ. అవ్వ చెట్టు కింద వడలు వేసి అమ్ముకుంటుంది, కాకి ఒకటి ఎత్తుకుపోతుంది, నక్క వచ్చి పాట పాడమంటుంది. బావా తమిళంలో కథలు చెప్పే మనిషి. ఆ అవ్వే ఫిలడెల్ఫియా చేరి రొట్టెలాయన అయిందని నా నమ్మకం. రుజువు చూపించమంటే ఈ పోలికే చూపిస్తాను. ఒక్కసారి ఇది పట్టుబడ్డాక, పాటలో దెబ్బ ఎవరికి తగిలిందో కూడా మారిపోతుంది. పొగడ్తకు పొంగి నోరు తెరిచిన కాకి ఒకటి, తెలివితో తిన్న నక్క ఒకటి. కానీ ఆ బిస్కెట్ ఆ రెండిట్లో ఎవరి సొత్తూ కాదు. బండివాడి కష్టం.

పురుగుల పాటలోనూ ఇలాంటి శ్రీలంక జాడ ఒకటి ఉంది, చాలామంది దాటేస్తారు. రాజు ఆశపెట్టిన ఉంగరం మామూలు ఉంగరం కాదు, పద్‌పరాద్‌షా రాయి పొదిగిన వెండి ఉంగరం. గులాబీ, నారింజ కలిసిన రంగులో శ్రీలంకలో దొరికే అరుదైన నీలజాతి రాయి అది. పేరు సింహళం మీదుగా వచ్చింది, మూలం సంస్కృతంలోని పద్మరాగమే. ఇంగ్లిష్ శ్రోతలు డిక్షనరీ వెతుక్కునే ఈ మాట మనకు చెవిన పడగానే తెలియాలి. ఉచ్చారణ మారిపోయి పట్టుకోలేం, అంతే.

మిగతా పాటల్ని త్వరగా చూద్దాం. 'ద ఏంజెల్ ఆఫ్ డెత్ కేమ్ టు డేవిడ్స్ రూమ్'లో మృత్యుదూత వస్తే దావీదు, ఇంకా వేళ కాలేదంటూ బేరమాడతాడు. యూదుల తల్ముద్‌లో ఇలాంటి కథ ఒకటి ఉంది. విశ్రాంతి దినాన చనిపోతావని దావీదుకు ముందే తెలుస్తుంది. అందుకని ప్రతి విశ్రాంతి దినమూ ఆపకుండా ధర్మశాస్త్రం చదువుతూ కూర్చుంటాడు, నోరు ఆడుతున్నంతసేపు దూత ఏమీ చేయలేడు. చివరికి దూత తోటలో చెట్లు కదిలిస్తాడు. చప్పుడేమిటో చూద్దామని దావీదు మెట్లు దిగుతుంటే మెట్టు విరుగుతుంది, చదువు ఆగుతుంది, ప్రాణం పోతుంది. పాట ఈ కథను ఉన్నది ఉన్నట్టు చెప్పదు, కానీ రెండిటిలోనూ ఉన్నది అదే మనిషి: గొల్యాతును కొట్టినవాడు, గది దాటి రావడానికి మాత్రం సిద్ధంగా లేనివాడు.

'బులెట్ టు బైనరీ' రెండో భాగంలో విత్తిందే కోస్తామనే మాట గలతీయులకు రాసిన పత్రికది, ఆరో అధ్యాయం. మొదటి భాగం వాళ్ల మొదటి ఆల్బమ్‌లో ఉంది. 'ఫిగ్ విత్ ఎ బెలీయేక్'లో కామం కుక్కగా వస్తుంది. మనసు కోతి, కోరిక కుక్క అని బావా పదేపదే అనేవారు, ఆ కుక్కే ఇది. 'గుడ్‌బై, ఐ!' పేరులోనే అంతా చెప్పేసింది: నేను అనేదానికి సెలవు. సూఫీలు దీన్ని ఫనా అంటారు. మన తత్వాలు వినే అలవాటున్నవాళ్లకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. 'టిమతీ హే' గడ్డినీ చెట్టుచేమల్నీ చూసి, దేవుడు ఎంత అందమైనవాడై ఉండాలో అని మురిసిపోయే పాట. నాకు ఇష్టమే కానీ అందులో తవ్వాల్సిందేమీ లేదు.

'ఎ స్టిక్, ఎ క్యారట్ అండ్ స్ట్రింగ్' మాత్రం అలా వదిలేయదగ్గది కాదు. మీరు చెప్పిన పశువుల పాక పాట ఇదే. పాకలోని జంతువులు ఒక్కొక్కటీ వచ్చి పసివాడిని చూస్తాయి. చివర పాము వస్తుంది. గాడిద నడవడానికి వెనక కర్ర, ముందు తాడుకు కట్టిన క్యారట్, ఈ రెండింటితోనే పాము లోకాన్నంతా తన చేతిలో పెట్టుకుంది. భయం, ఆశ. ఆదికాండం మూడో అధ్యాయంలో స్త్రీ సంతానం పాము తలను చితగ్గొడుతుందని దేవుడు చెప్పిన మాట ఉంది కదా, క్రైస్తవులు దాన్ని యేసు గురించిన మాటగా చదువుతారు. ఈ పాటలో పామును తొక్కే పాదం ఏదో చూడండి. అది 'నీకు ఏదీ అక్కర్లేకపోవడం' అనే పాదం. బైబిల్‌లోని పాము, సూఫీ ఫకీరు చెప్పే నిరపేక్ష, రెండూ ఒకే వాక్యంలో కుట్టు కనబడకుండా కలిశాయి. ఇది క్రైస్తవ పాట కాదనడానికి వీల్లేదు, క్రైస్తవ పాట మాత్రమే అనడానికీ వీల్లేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఈ ఆల్బమ్ వేసిన టూత్ అండ్ నెయిల్ కంపెనీకి క్రైస్తవ రాక్ సంగీతంతోనే పేరు. ఆ వర్గం శ్రోతల్లో కొందరు చివరి పాట విని నొచ్చుకున్నారు, కొందరు కోప్పడ్డారు. ఒక చిన్న సంగతి: అరబీ మాట్లాడే క్రైస్తవులు దేవుణ్ణి అల్లా అనే పిలుస్తారు, అరబీ బైబిల్‌లో ఉన్నదీ అదే మాట. అలాగని ఆ పాటను ఆ వాదనతో మాత్రమే సమర్థించడం నాకు నచ్చదు, ఎందుకంటే అది నిజంగానే జిక్ర్. పేరును మళ్లీ మళ్లీ పలుకుతూ, ప్రతి గడ్డిపోచలోనూ ఎదురైన ప్రతి మనిషిలోనూ ఆ పేరే చూడటం. ఆల్బమ్ మొదటి పాట 'ఎవ్రీ థాట్ ఎ థాట్ ఆఫ్ యూ' పేరుకూ దీనికీ తేడా లేదు. మొదటి పాటలో ప్రతి తలపూ నువ్వే, చివరి పాటలో ప్రతి వస్తువూ నువ్వే. మధ్యలో ఉన్న తొమ్మిది పాటలూ 'నేను' అడ్డు తొలగడానికి పడే పాట్లు. కాకికి గొప్ప, దావీదుకు ప్రాణం, లెఫ్టినెంట్‌కు పదవి, ప్రొఫెసర్‌కు పాండిత్యం. కాబట్టి ఏ మతం అని కాకుండా, ఈ పాటలో 'నేను' ఎక్కడ దాక్కుంది అని వెతుకుతూ వినండి. నాకు అలా విన్నాకే ఈ ఆల్బమ్ ఒక్క కథలా వినిపించింది.

పుస్తకాల మాట ఎత్తారు కాబట్టి వాళ్ల మిగతా ఆల్బమ్‌ల గురించి ఒక్క ముక్క. 2004 నాటి 'క్యాచ్ ఫర్ అస్ ద ఫాక్సెస్' పేరు పరమగీతం రెండో అధ్యాయం నుంచి వచ్చింది, ద్రాక్షతోటలు పాడుచేసే నక్కల మాట. 2012 నాటి 'టెన్ స్టోరీస్' 1878లో మోంటానాలో ప్రమాదానికి గురైన సర్కస్ రైలు, అందులోంచి బయటపడిన జంతువుల కథ. అందులో ఒక పాట పేరు 'నైన్ స్టోరీస్', అది శాలింజర్ 1953లో వేసిన కథల పుస్తకం పేరే. 2009లో బావా దగ్గర నేర్చుకున్న జంతువుల కథ పద్ధతి లేకపోతే ఈ ఆల్బమ్ వచ్చేది కాదని నా అభిప్రాయం. బ్యాండ్ 2022లో ఆగిపోయింది.

చదవడానికి: ముందు బావా పిల్లల కథల పుస్తకం 'మై లవ్ యూ మై చిల్డ్రన్' తీసుకోండి, నూటొక్క కథలుంటాయి. పెద్ద ఉపన్యాసాల పుస్తకాలతో మాత్రం మొదలుపెట్టకండి, ఒకటే మాట వంద పేజీలు తిరుగుతుంది, విసుగొస్తుంది. అవి వినడానికి చెప్పినవి, చదవడానికి కాదు. తర్వాత మెర్టన్ పుస్తకం, ఒక్క సాయంత్రం చాలు. అత్తార్ పెద్ద కావ్యం, అంతా చదివే ఓపిక లేకపోతే చివరి భాగానికి వెళ్లి దీపపు పురుగుల కథా, దాని తర్వాత ముప్ఫై పక్షులు తమ రాజు సీముర్గ్ ముందు నిలబడే ఘట్టమూ చదవండి. ఆ రెండూ చదివిన రోజు రాత్రి పదో పాట, పదకొండో పాట మధ్యలో ఆపకుండా వరుసగా వినండి. రాజు మంటలోకి వెళ్లాక వినిపించే మొదటి మాట ఏదో అప్పుడు గమనిస్తారు.